సైకిల్ రిపేరు హాబీ, సోషల్ మీడియా: 20 వారాల లాగ్

వారంలో ఐదు రోజులు నాకు వేరే ఉద్యోగం, శని ఆదివారాలు మాత్రం సైకిళ్లే. విప్పడం బిగించడం అంటే చిన్నప్పట్నుంచి పిచ్చి ఇష్టం, తెలిసినవాళ్ల సైకిళ్లు చూస్తూ చూస్తూ అది కాస్తా చిన్న పనిగా మారింది. అంతా నోటి మాట మీదే నడిచేది, కాబట్టి ఒక వారం ఆరు సైకిళ్లొస్తే ఇంకో రెండు వారాలు ఒక్కటీ రాదు, పానాలు తుడుచుకుంటూ కూర్చోవాలి. అందుకే 20 వారాల కింద గట్టిగా అనుకున్నా, రోజుకి అరగంట సోషల్ మీడియాకి ఇచ్చి చూద్దాం, ఏం చేశానో ఏం జరిగిందో నోట్‌బుక్‌లో రాసుకుందాం అని. ఆ నోట్సే ఇది. ఇలా చిన్న పని నడుపుకునే వాళ్లకి పనికొస్తుందని కొంచెం వివరంగానే రాస్తున్నా.

1వ వారం

ఒక్క పోస్టు కూడా పెట్టలేదు, వారమంతా సెటప్‌కే పోయింది, అది మంచిదే అయింది.

ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో మన పని వివరాలు కనిపించే పేజీ. 2021 చివరి దాకా దీన్నే గూగుల్ మై బిజినెస్ అనేవాళ్లు, పాత వీడియోల్లో ఆ పేరే వినిపిస్తుంది, కంగారు పడొద్దు. నాది ఇంటి నుంచి చేసే పని కాబట్టి అడ్రస్ దాచేసి ఏ ఏరియాల్లో పని చేస్తానో అది మాత్రం ఇచ్చా. వెరిఫికేషన్‌కి వీడియో అడిగింది, వీధి, పనిముట్లు, నేను పని చేసే చోటు అన్నీ ఆపకుండా ఒకే షాట్‌లో తీసి పంపా. పేరు దగ్గర చాలామంది చేసే తప్పేంటంటే అసలు పేరు పక్కన బెస్ట్ అనీ, చీప్ అనీ, ఏరియా పేర్లనీ కుక్కేయడం. గూగుల్ రూల్స్‌కి అది విరుద్ధం, ప్రొఫైల్ సస్పెండ్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. జనం ఏ పేరుతో పిలుస్తారో అదే పెట్టండి. ఏం చేస్తారో చెప్పడానికి డిస్క్రిప్షన్ ఉంది, 750 అక్షరాలు. లోకల్ సెర్చ్‌లో ఎవరు పైన రావాలో మూడు విషయాలు చూస్తామని గూగులే చెప్తుంది: వెతికినదానికి మీరు సరిపోతారా, ఎంత దూరంలో ఉన్నారు, ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు, మిగతా రెండింటి మీదే కష్టపడాలి.

తర్వాత వాట్సాప్ బిజినెస్, చిన్న వ్యాపారాల కోసం ఉన్న వేరే యాప్. ఒకే నెంబర్ మామూలు వాట్సాప్‌లో, దీన్లో రెండిట్లో పనిచేయదు, అందుకని పక్కన పడున్న పాత సిమ్ తీసి దీనికే కేటాయించా. క్విక్ రిప్లైలు, అంటే ముందే రాసి పెట్టుకునే జవాబులు, సెట్ చేసుకున్నాక ప్రాణం లేచొచ్చింది, స్లాష్ కొట్టి షార్ట్‌కట్ టైప్ చేస్తే మొత్తం మెసేజ్ వచ్చేస్తుంది. నేను పెట్టుకున్నవి మూడే: టైమింగ్స్, సైకిల్ ఎలా తీసుకురావాలి, చప్పుడొస్తుంటే ఎలా రికార్డ్ చేసి పంపాలి. ఈ మూడోది తర్వాత ఎంత పనికొచ్చిందో కింద చెప్తా.

చివరగా ఇన్‌స్టాగ్రామ్, ప్రొఫెషనల్ అకౌంట్‌గా మార్చా, ఫ్రీనే, ఇన్‌సైట్స్ (ఎంతమంది, ఎక్కడివాళ్లు చూశారనే లెక్కలు) కనిపిస్తాయి. బయోకి 150 అక్షరాలే, కవిత్వాలకి చోటుండదు. ఇంకో విషయం, యూజర్‌నేమ్ కాకుండా పైన లావు అక్షరాల్లో కనిపించే నేమ్ ఉంటుంది కదా, సెర్చ్‌లో అదీ పనిచేస్తుంది, అందుకే అక్కడ నా పేరు పక్కన సైకిల్ రిపేర్ అని చేర్చా.

2 నుంచి 4 వారాలు

ఈ మూడు వారాలూ అందంగా కనిపించే పోస్టులే పెట్టా. బాగు చేయకముందు, చేశాక, పక్కపక్కన ఫోటోలు. లైకులన్నీ ఫ్రెండ్సువి, ఇంకా ఎక్కడెక్కడో ఉండే వేరే మెకానిక్‌లవి. మూడో వారంలో తుప్పు పట్టిన చైన్ కడిగి మెరిసేలా చేసే రీల్ ఒకటి పెడితే నాలుగు రోజుల్లో 38 వేల వ్యూస్! ఫోన్ పక్కన పెట్టుకునే పడుకున్నా, ఎప్పుడు మోగుతుందా అని. ఒక్క కాల్ రాలేదు, ఒక్క మెసేజ్ కూడా. ఇన్‌సైట్స్‌లో లొకేషన్లు తెరిచి చూస్తే చూసినవాళ్లలో దాదాపు అందరూ వేరే ఊళ్లు, వేరే దేశాలు. వాళ్లకి ఆ వీడియో చూడ్డానికి హాయిగా ఉంది, అంతే, వాళ్ల సైకిల్ నా దగ్గరికి తీసుకురాలేరు కదా. చాలా నిరాశ పడ్డా ఆ రోజు, ఆ వారం ఇంకేం పోస్ట్ చేయలేదు.

5వ వారం: నోట్‌బుక్‌లో రెండు గళ్లు

వచ్చిన ప్రతి ఒక్కరినీ మా గురించి ఎలా తెలిసింది అని అడగడం మొదలుపెట్టా. ఆన్‌లైన్‌లో అనేవాళ్లు. దాంతో ఏం తెలుస్తుంది, ఏమీ తెలీదు. అందుకని ప్రశ్నని రెండు ముక్కలు చేశా: మొదట ఎక్కడ విన్నారు లేదా చూశారు, తర్వాత నెంబర్ ఎక్కడ దొరికింది. రెండు గళ్లు గీసి రెండూ విడివిడిగా రాసుకున్నా.

20 వారాల్లో చేసిన వాటన్నిట్లో నాకు బాగా ఉపయోగపడింది ఇదే, పైసా ఖర్చు లేదు, యాప్ అక్కర్లేదు. ఎందుకంటే రెండు గళ్లలో జవాబులు కలవట్లేదు! ఫ్రెండ్ చెప్పాడు అన్నతను నెంబర్ గూగుల్‌లో తీసుకున్నాడు, ఫేస్‌బుక్ గ్రూప్‌లో నా కామెంట్ చూసిన ఆవిడ కూడా మ్యాప్స్‌లో వెతికి రివ్యూలు చదివాకే మెసేజ్ పెట్టారు. అంటే ఒకచోట విని, ఇంకోచోట నమ్మకం కుదిరి, మూడోచోట అడుగుతున్నారు. మధ్యలో ఏ ఒక్కటి తెగినా మనిషి మన దాకా రాడు. వెంటనే అన్నిచోట్లా చెక్ చేస్తే నా ఫేస్‌బుక్ పేజీలో పాత నెంబరే ఉంది, గూగుల్‌లో ఆదివారం క్లోజ్డ్ అని ఉంది. నేను పని చేసేదే ఆదివారం. ఇంకెంతమంది అది చూసి వెనక్కి వెళ్లిపోయారో.

6 నుంచి 11 వారాలు: చప్పుళ్ల సిరీస్

ఏం పోస్ట్ చేయాలో తోచట్లేదు అనే బాధ ఇక్కడితో పోయింది. వాట్సాప్‌లో జనం పంపిన వాయిస్ మెసేజ్‌లు వరసగా వింటే సగానికి పైగా ఏదో ఒక చప్పుడు గురించే. సరే, ఒక్కో చప్పుడుకి ఒక్కో రీల్ అనుకున్నా, 30 సెకన్ల లోపు.

మొదటిది బ్రేక్ కీచుమనడం. రిమ్ బ్రేక్ అయితే ప్యాడ్ ముందు అంచు కొంచెం ముందుగా తాకేలా సెట్ చేస్తే చాలాసార్లు ఆగిపోతుంది, డిస్క్ బ్రేక్ అయితే చైన్‌కి కొట్టిన స్ప్రే డిస్క్ మీద పడిందేమో చూడాలి. రెండోది కిర్రు కిర్రు. కూర్చుని తొక్కితే వచ్చి, సీటు మీంచి లేచి తొక్కితే ఆగిపోతే అది సీటు దగ్గరో సీటు రాడ్ దగ్గరో, లేచినా వస్తుంటే పెడల్, క్రాంక్ వైపు వెతకాలి. మూడోది చైన్ జారడం, ఇది స్కేలుతో చూపించా: చైన్‌ని బిగువుగా లాగి పిన్ను నుంచి పిన్నుకి కొలిస్తే 24 పిచ్‌లు (ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి ఉండే దూరం ఒక పిచ్) సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి, అంగుళంలో 16వ వంతు పెరిగిందంటే మార్చే టైమొచ్చింది, 8వ వంతు దాకా వదిలేస్తే వెనక పళ్లు కూడా అరిగిపోయుంటాయి.

అన్నిట్లో ఆ కూర్చుంటే వచ్చే చప్పుడు రీలే నాకు పని తెచ్చింది. వ్యూస్ రెండు వేలు కూడా దాటలేదు, కానీ షేర్లు చైన్ కడిగిన రీల్ కంటే ఎక్కువ. ఒకరికి ఒకరు, ఇది నీ సైకిలే చూడు అని పంపించుకున్నారన్నమాట. ఇన్‌స్టాగ్రామ్ హెడ్ ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పింది కూడా ఇదే, ర్యాంకింగ్‌లో ముఖ్యమైనవి ఎంతసేపు చూశారు, లైకులు, ఇంకొకరికి పంపడం అని, అందులోనూ మనల్ని ఫాలో అవ్వని వాళ్లకి చేరాలంటే ఆ పంపడమే ఎక్కువ లెక్కలోకొస్తుందని. నాకైతే ఇంకో లాభం కనిపించింది, ఎవరైనా ఇలాంటిది పంపేది సాధారణంగా తెలిసినవాళ్లకే, తెలిసినవాళ్లలో చాలామంది దగ్గర్లోనే ఉంటారు.

తీసే పద్ధతి చెప్తా. ఫోన్ నిలువుగా, 1080 బై 1920. కిటికీ వెలుతురు పక్క నుంచి పడాలి, వెనక నుంచి పడితే సైకిల్ నల్లగా వస్తుంది. హలో ఫ్రెండ్స్ లాంటివి లేకుండా మొదటి సెకనులోనే చప్పుడు వినిపించాలి. చాలామంది సౌండ్ ఆపేసి చూస్తారు కాబట్టి ఏ చప్పుడో స్క్రీన్ మీద రాయాలి, కానీ మరీ కింద రాస్తే క్యాప్షన్, బటన్లు దాని మీదకొచ్చేస్తాయి, మధ్యలో రాయండి. పాటలు వాడట్లేదు, బిజినెస్ అకౌంట్లకి చాలా పాటలకి పర్మిషన్ ఉండదు, కావాలంటే మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కంపెనీ) సౌండ్ కలెక్షన్‌లో వాడుకోదగ్గవి ఉన్నాయి. ఒక ఆదివారం మా చెల్లి ఫోన్ పట్టుకుంటే నాలుగు రీల్స్ ఒకేసారి తీసేసి మెటా బిజినెస్ సూట్‌లో షెడ్యూల్ చేసేశాం. అంతకుముందు ప్రతి రిపేరు మధ్యలో చేతులు తుడుచుకుని షూట్ చేస్తుంటే పని మీద ధ్యాస పోయింది, ఒకసారి బ్రేక్ కేబుల్ బిగించడం మర్చిపోయి టెస్ట్ రైడ్‌లో పట్టుకున్నా. అప్పట్నుంచి రిపేరు రోజు షూటింగ్ లేదు.

ఫేస్‌బుక్

పేజీలో పెడితే దాదాపు ఎవరికీ కనిపించట్లేదు. 2018 జనవరిలోనే వాళ్లు ఫీడ్‌లో పేజీల కంటే ఫ్రెండ్స్, ఫ్యామిలీ పోస్టులకి ప్రాధాన్యం ఇస్తామని ప్రకటించారు కాబట్టి ఇందులో వింత లేదు. మన ఏరియా వాళ్ల గ్రూపులు మాత్రం బంగారం. నేను అక్కడ ఒక్క యాడ్ పెట్టలేదు, ఎవరైనా సైకిల్ గురించి అడిగితే కూర్చుని పూర్తి జవాబు రాశా, ఇంట్లోనే చేసుకోగలిగేదైతే ఎలాగో చెప్పా. గ్రూప్ రూల్స్ ముందు చదవండి, ప్రమోషన్‌కి ఒక రోజు కేటాయించే గ్రూపులు కూడా ఉంటాయి.

12, 13 వారాలు: డబ్బు పెట్టి చూశా

మొదటిసారి ఆ 38 వేల రీల్‌కే బూస్ట్ కొట్టా, అంటే డబ్బు కట్టి ఇంకా ఎక్కువమందికి చూపించా, ప్రొఫైల్ విజిట్స్ అని సెలెక్ట్ చేసి. విజిట్స్ వచ్చాయి, పని రాలేదు. రెండోసారి కిర్రు కిర్రు రీల్ తీసుకుని, గోల్ దగ్గర మెసేజ్‌లు అని పెట్టి, మ్యాప్‌లో పిన్ గుచ్చి దాని చుట్టూ కొన్ని కిలోమీటర్లకే పరిమితం చేశా. అంతే డబ్బుకి 7 మెసేజ్‌లు, 3 సైకిళ్లు. యాడ్ లేకుండానే జనం పంపించుకున్న పోస్టుకే డబ్బు పెట్టాలి, ఎవరూ పట్టించుకోనిదాన్ని యాడ్ లేపుతుందనుకోవద్దు.

14 నుంచి 17 వారాలు: రివ్యూలు, ఒక దొంగ మెసేజ్

రివ్యూ లింకు పంపడానికి సరైన టైమ్ సైకిల్ ఇచ్చి, వాళ్లు ఓ రౌండ్ తొక్కి నవ్వుతూ వెనక్కొచ్చినప్పుడు. ఇంటికెళ్లాక పంపితే మర్చిపోతారు. రివ్యూ రాస్తే తగ్గిస్తా అనడం గూగుల్ పాలసీకి విరుద్ధం, సంతోషంగా ఉన్నవాళ్లకే ఏరి పంపడం కూడా, అందుకే అందరికీ పంపుతున్నా. ఒకరు రెండు స్టార్లిచ్చారు, చెప్పిన రోజుకి ఇవ్వలేదని. నిజమే, పార్ట్ లేటైంది, నేను ముందుగా చెప్పలేదు. సారీ చెప్పి, ఇకపై పార్ట్ చేతికొచ్చాకే డేట్ చెప్తానని రిప్లై రాశా, అలాగే చేస్తున్నా. తర్వాత వచ్చిన ఇద్దరు ఆ రిప్లై చదివే వచ్చామన్నారు.

16వ వారంలో ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్, మీ పోస్టులో కాపీరైట్ తప్పుంది, 24 గంటల్లో అకౌంట్ డిలీట్ అవుతుంది, ఈ లింకులో అప్పీల్ చేసుకోండి అని. లోగో కూడా ఉంది, వేలు లింకు దాకా వెళ్లింది. ఇది దొంగ పద్ధతి, ఆ పేజీలో పాస్‌వర్డ్ కొడితే అకౌంట్ పోయినట్టే. ఇన్‌స్టాగ్రామ్ నిజంగా పంపిన మెయిళ్లు యాప్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ దగ్గర చూసుకోవచ్చు, అక్కడ ఏమీ లేదు. ఆ రాత్రే టూ ఫ్యాక్టర్ (లాగిన్‌కి పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది) పెట్టా, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి టూల్‌బాక్స్ మూతకి లోపల అంటించా. మీకింకా లేకపోతే దయచేసి ఇవాళే పెట్టుకోండి.

18 నుంచి 20: లెక్క

5వ వారం నుంచి 61 సైకిళ్లు. మొదట ఎక్కడ తెలిసింది: తెలిసినవాళ్లు చెప్పి 24, గూగుల్ 17, ఫేస్‌బుక్ గ్రూపులు 13, ఇన్‌స్టాగ్రామ్ 7. నెంబర్ ఎక్కడ దొరికింది: గూగుల్ 31, ఎవరో ఫార్వర్డ్ చేసిన వాట్సాప్ లింక్ 19, ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ 11. ఇన్‌స్టాగ్రామ్ తక్కువే కదా అనిపించొచ్చు, కానీ తెలిసినవాళ్లు చెప్పారన్న 24 మందిలో కొందరు ఆ చెప్పేటప్పుడు నా చప్పుడు రీలే పంపారని మాటల్లో తెలిసింది, ఎంతమందో ముందు నుంచి అడగలేదు. 21వ వారం నుంచి దానికి మూడో గడి గీశా.

ఖాళీ వారం అయితే ఈ నెలన్నరలో ఒక్కటీ లేదు. వారానికి రెండు రీల్స్ నుంచి ఒకటికి తగ్గించేస్తున్నా, నా చేతికి అంతే పడుతుంది.

నిన్న రాత్రి ఒకాయన వాయిస్ మెసేజ్ పంపారు, ఎడమ పెడల్ కిందకొచ్చినప్పుడు మాత్రమే టక్‌మని, అదీ ఎత్తు ఎక్కేటప్పుడే. మూడుసార్లు విన్నా. ఆదివారం పొద్దున్నే తెమ్మన్నా, కారణం దొరికితే తర్వాతి రీల్ అదే, తీసుకోవడానికి ఆయన సరేనన్నారు.