తలసీమియా, ఐవీఎఫ్, మా రబ్బీగారు: నా అనుభవం

మాది గుంటూరు. యూదు మతంలోకి మారి, పెళ్లయ్యాక జెరూసలేంలో స్థిరపడ్డాను. మావారి తాతలు కుర్దిస్తాన్ యూదులు, 1951లో ఇరాక్ వదిలి ఇక్కడికి వచ్చారు. రక్తపరీక్షలో ఇద్దరమూ బీటా తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బుకు క్యారియర్లమని తేలింది; అంటే లోపమున్న జన్యువు మాలో ఉంది కానీ మాకు జబ్బు లేదు. ఈ లోపం కుర్దిస్తాన్ యూదుల్లో ఎక్కువ, మన తెలుగువాళ్లలోనూ ఉంది. అంటే మాకు పుట్టే ప్రతి బిడ్డకూ 25 శాతం ముప్పు. జబ్బు వస్తే జీవితాంతం రక్తం ఎక్కిస్తూ ఉండాలి.

ఐవీఎఫ్ చేసి, పిండాలను పరీక్షించి, జబ్బు లేనిదాన్ని గర్భంలో పెడతామన్నారు జెనెటిక్ కౌన్సెలర్. ఇజ్రాయెల్‌లో ఇద్దరు పిల్లల వరకు ఐవీఎఫ్ ఖర్చు ఆరోగ్య బీమా కిందే వస్తుంది కనుక డబ్బు టెన్షన్ లేదు. జబ్బున్న పిండాలను వదిలేయొచ్చా అన్నదే మా బెంగ.

సంతాన చికిత్సల విషయంలో యూదు ధర్మం ప్రకారం సలహా ఇచ్చే పూయా సంస్థకు వెళ్లాం. బైబిల్ నిర్గమకాండంలోని మంత్రసాని పేరది. 1990లో రబ్బీ (యూదు మతగురువు) మెనాకెమ్ బర్‌స్టీన్ స్థాపించారు. అక్కడ మాతో మాట్లాడిన రబ్బీగారికి హార్మోన్ల డోసులతో సహా తెలుసు. మొదటి 40 రోజులూ పిండం వట్టి నీటితో సమానమని యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఉందని, ఇంకా గర్భంలోకే చేరనిదానికి మరింత వెసులుబాటు ఉందని వివరించారు. "జబ్బు తప్పించుకోవడానికి చేయించుకోండమ్మా, ఆడో మగో ఎంచుకోవడానికి మాత్రం వద్దు" అన్నారు. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను.

ముట్టు రోజుల్లో దూరంగా ఉండటం మన ఇళ్లలోనూ ఎరిగిందే. ఇక్కడ రక్తం ఆగాక ఏడు శుభ్రమైన రోజులు లెక్కపెట్టి మిక్వే అనే శుద్ధి స్నానపు కొలనులో మునగాలి. అండాలు తీసినప్పుడు సూది వల్ల వచ్చిన రక్తాన్ని మాత్రం ముట్టుగా కాక గాయపు రక్తంగానే లెక్కవేశారు. వీర్యం వృథా కాకూడదన్న నియమం ఉంది కాబట్టి మావారు ఇంట్లోనే, కలయిక సమయంలో, వీర్యకణాలను చంపే మందు పూయని ప్రత్యేకమైన కండోమ్ వాడి సేకరించి, ముందుగానే ల్యాబులో ఫ్రీజ్ చేయించారు.

ల్యాబులో పూయా తరఫున ఒకావిడ ఉండేవారు. ట్యూబు మీది పేరు, డిష్ మీది పేరు సరిచూశాకే అండాన్నీ వీర్యాన్నీ కలపనిచ్చేవారు. బిడ్డ ఎవరి బిడ్డన్న విషయంలో అణువంత సందేహం మిగలకూడదు. ఈ ఏర్పాటు ప్రతి ఐవీఎఫ్ సెంటర్లోనూ ఉండాలని గట్టిగా అనుకుంటున్నాను.

అన్నిటికన్నా కష్టమైంది అమ్మానాన్నల రక్తం అడగడం. లోపమున్న జన్యువు ఎటు నుంచి వచ్చిందో తెలిస్తేనే పిండాల పరీక్ష పక్కాగా కుదురుతుందట. "నావల్లేనా తల్లీ?" అని ఫోన్‌లో అమ్మ ఏడ్చింది. ఎవరి తప్పూ కాదని, తాతముత్తాతల నుంచీ వస్తున్నదేనని కౌన్సెలర్ చెప్పిన మాటలే తెలుగులో చెప్పాను. నాన్న మారుమాట లేకుండా మర్నాడే ఇద్దరి రక్తం తీయించారు. లోపం ఆయన వైపు నుంచే వచ్చింది.

పరీక్షించినవాటిలో పెట్టడానికి పనికొచ్చే పిండం మాలాగే క్యారియర్. క్యారియర్‌కు జబ్బు ఉండదు, దాన్ని వదిలేయడానికి కారణమే లేదన్నారు రబ్బీగారు. కౌన్సెలర్‌దీ అదే మాట. ఆ పిండమే ఇప్పుడు మా అమ్మాయి. వాళ్ల నానమ్మ నేర్పిన కుర్దీ పాటలకు చప్పట్లు కొడుతోంది.

గుంటూరులో తమ్ముడికి సంబంధాలు చూశారు. జాతకం కన్నా ముందు, తలసీమియా క్యారియరో కాదో చెప్పే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించమన్నాను. వాడూ క్యారియరే. అమ్మాయి వాళ్లకు ఆ సంగతి చెప్పి, ఆవిడకూ పరీక్ష చేయించాకే ముహూర్తం పెట్టించారు నాన్న.