ఎదురొచ్చిందా, మీదికొచ్చిందా?

"ఎలుగుబంటి మా అమ్మ మీదికొచ్చింది." ఆ రోజు ఫోనులో నేను చెప్పిన మొదటి మాట ఇది. చెప్పింది ఇంగ్లీషులోనే, కానీ బుర్రలో తిరుగుతున్నది ఈ తెలుగు ముక్కే. అదే నోటి దగ్గరికొచ్చేసరికి "అటాక్" అయింది. నిజానికి అది మీదికి రాలేదు. ఆ సంగతి నా తలకెక్కడానికి ఒక రాత్రి పట్టింది.

మేముండేది న్యూజెర్సీలో, మారిస్ కౌంటీ. పార్సిప్పనీకి కాస్త ఎగువన. ఈ రాష్ట్రంలో 21 కౌంటీలుంటే అన్నిట్లోనూ నల్ల ఎలుగులు కనపడ్డాయి. అయినా వాటి అసలు కాపురం మా వైపే, రూట్ 80కి ఉత్తరాన, రూట్ 287కి పడమరన ఉన్న కొండల్లో. ఇల్లు కొనేటప్పుడు స్కూలు రేటింగు చూశాం, బేస్‌మెంట్‌లో నీళ్లొస్తాయా అని అడిగాం. ఎలుగుల గురించి అడగాలని ఎవరికి తడుతుంది?

2023 జూన్. ఆదివారం మా చిన్నాడి పుట్టినరోజు. సుమారు నలభై మందికి పూరీలు వేయించాం. మిగిలిన నూనె చల్లారాక ఖాళీ పాల క్యానులో పోసి చెత్తడబ్బాలో పడేశాను. మాకు చెత్తబండి మంగళవారం పొద్దున వస్తుంది. అందరిలాగే నేనూ సోమవారం రాత్రే డబ్బాను డ్రైవ్‌వే చివరికి లాగి, చేతులు కడుక్కుని పడుకున్నాను.

మా అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. పొద్దున ఆరు కాకుండానే వాకింగ్‌కి బయల్దేరుతుంది. ఆ రోజు నేను గరాజ్‌లో బూట్లు తొడుక్కుంటుంటే బయట అడుగుల చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూస్తే అమ్మ పోస్టుబాక్సు పక్కన నిలబడిపోయి ఉంది. డబ్బా బోర్లా పడి ఉంది. దాని అవతల ఎలుగు మనిషిలా చతికిలబడి కూర్చుని, పాల క్యానును రెండు చేతులతో పట్టుకుని మూతి నాకుతోంది. ఒళ్లంతా నలుపు, మూతి ఒక్కటే లేత గోధుమరంగు. గడ్డం కింద వెంట్రుకలు నూనెకి అట్టకట్టి మెరుస్తున్నాయి. అది నొక్కినప్పుడల్లా ప్లాస్టిక్ కటకటమంటోంది. నన్ను భయపెట్టింది ఎలుగు కాదు, ఆ క్యాను. అది మాదే!

నేను గట్టిగా అరిచి బయటికి పరుగెత్తాను. అది లేచి బుస్సుమని ఊపిరి వదిలింది. పళ్లు టకటకలాడించింది. ముందుకాలితో నేలమీద ఒక్కటి కొట్టి, ఇటువైపు రెండడుగులు వేసింది. తర్వాత పక్కింటి కంచె వెంబడి కొండవైపు పరుగు తీసింది. అంత బరువున్న జంతువు అంత చప్పుడు లేకుండా పోగలదని నేనెప్పుడూ అనుకోలేదు.

అమ్మ మాత్రం కంగారు పడలేదు. వాళ్లది ఉద్దానం. అక్కడ జీడితోటల్లో ఎలుగు భయం చిన్నప్పటినుంచీ ఎరుగును. "ఏట్రా అలా కేకలేసుకుంటూ ఎదురెళ్లిపోయావు? ఎలుగు కనబడితే పరుగెట్టకూడదు, దాని దారికి అడ్డం నిలబడకూడదు" అంది. ఉద్దానంలోది వేరే జాతి ఎలుగు. మనిషి హఠాత్తుగా ఎదురుపడితే పారిపోవడం కన్నా కలబడటమే దానికి అలవాటు. ఇక్కడి నల్ల ఎలుగు చాలావరకు పిరికిది, తప్పుకునే దారి వెతుక్కుంటుంది. అయినా అమ్మ చెప్పిన రెండు సూత్రాలూ ఇక్కడా సరిగ్గా సరిపోతాయని నాకు తర్వాత తెలిసింది.

ఆ క్షణంలో ప్రాణాపాయం ఉంటే 911కి, లేకపోతే రాష్ట్ర పర్యావరణ శాఖ హాట్‌లైన్‌కి ఫోన్ చేయాలి. ఆ హాట్‌లైన్ ఇరవైనాలుగ్గంటలూ పనిచేస్తుంది. చేశాను. నేను అటాక్ అనగానే అవతలి గొంతు నెమ్మదించింది. గాయాలయ్యాయా? లేదు. ఎంత దూరంలో ఉంది? అయిదడుగులు అన్నాను. చెవికి ట్యాగ్ ఉందా? ఏ రంగు? చూడలేదు. పిల్లలున్నాయా? లేవనుకుంటాను. ఏం తింటోంది? ఇక్కడ ఒక్క క్షణం ఆగి, "చెత్త" అన్నాను. పూరీల నూనె ఊసెత్తలేదు. ఇక్కడ ఎలుగులకి తిండి పెట్టడం నేరం, తప్పుకి వెయ్యి డాలర్ల దాకా జరిమానా ఉంటుందని ఎప్పుడో చదివాను. నూనె క్యాను దాని కిందికొస్తుందో రాదో అన్న టెన్షన్ ఒకటి. ఒక నంబరు ఇచ్చి, మళ్లీ ఫోన్ చేస్తామన్నారు. పట్టుకుపోయి ఎక్కడైనా దూరంగా వదిలేస్తారా అని అడిగాను. చెత్తకి మరిగిన ఎలుగుని అలా తరలించరట.

ఆ రాత్రి నిద్రపట్టక వాళ్ల పద్ధతి ఏమిటో చదివాను. ఎలుగుల మీద వచ్చే ఫిర్యాదుల్ని మూడు వర్గాలుగా చూస్తారు. మూడోది మామూలుగా తిరుగుతూ కనపడినది, ఇబ్బంది ఏమీ లేదు. రెండోది చెత్త, పక్షుల గింజల డబ్బాల్లాంటి వాటికోసం వచ్చి చికాకు పెట్టేది. దాన్ని చప్పుళ్లతో, రబ్బరు గుళ్లతో బెదరగొడతారు. మొదటిది మనుషులకి, ఆస్తికి ప్రమాదమైనది. ఇంట్లో జొరబడినవీ, మనిషి మీద పడినవీ ఇందులోకి వస్తాయి. ఆ వర్గంలోకి వెళ్లిన ఎలుగుని చంపేస్తారు.

నేను వాడిన మాట దాన్ని ఎక్కడ నిలబెట్టిందో అప్పుడర్థమైంది. వీళ్లు ఆ మాటని తేలిగ్గా తీసుకోకపోవడానికి కారణం కూడా ఉంది. 2014 సెప్టెంబరులో వెస్ట్ మిల్‌ఫోర్డ్ దగ్గర అడవిలో నడకకి వెళ్లిన అయిదుగురు స్నేహితుల్లో ఒక కాలేజీ కుర్రాడిని, మన భారతీయ కుటుంబం పిల్లాడినే, నల్ల ఎలుగు చంపేసింది. ఈ రాష్ట్రంలో రికార్డయిన మొదటి మరణం అదే. కాబట్టి అటాక్ అన్న మాట ఒట్టి మాట కాదు.

మర్నాడు డోర్‌బెల్ కెమెరా వీడియో తీసి చూశాను. మొత్తం పదకొండు సెకన్లు. ఎలుగు వేసిన ఆ రెండడుగులూ అమ్మవైపు కాదు, నావైపూ కాదు, కంచెవైపు. అడవికి పోయే సందుకి అడ్డంగా నిలబడి అరుస్తున్నది నేను. టేపు తెచ్చి కొలిస్తే పోస్టుబాక్సు నుంచి డబ్బా పడిన చోటికి 28 అడుగులు. నా అయిదడుగులు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో ఆ దేవుడికే తెలియాలి.

వాళ్లు చేసేలోపే నేనే ఫోన్ చేశాను. "నిన్న తప్పు చెప్పాను, అది మీదికి రాలేదు, ఎదురుపడిందంతే" అని నూనె సంగతితో సహా చెప్పేశాను. అటువైపు ఆవిడ నన్ను తిట్టలేదు. వీడియో అడిగి తీసుకుంది. రెండో వర్గం కింద, చెత్త అని రాసుకున్నామంది. ఆ ఊపిరి బుస్సులు, పళ్ల టకటక బెదిరింపులే కానీ దాడి కాదట. నువ్వు మరీ దగ్గరికొచ్చావు, పక్కకి తప్పుకో అని దాని భాష. మనం పరుగెత్తకుండా, కళ్లలోకి గుచ్చి చూడకుండా, మాట్లాడుతూ మెల్లగా వెనక్కి నడవాలి, దానికి దారి వదలాలి. నిజంగానే మీద పడితే మాత్రం చచ్చినట్టు పడుకోవడం నల్ల ఎలుగు దగ్గర పనికిరాదు, తిరగబడి కొట్టాల్సిందే.

తర్వాత పదినిమిషాలు అడిగిందంతా నా చెత్తడబ్బా గురించే. ఎలుగుని పట్టుకెళ్లండని ఫోన్ చేసినవాణ్ణి, డబ్బా ఎలా కడగాలో నేర్చుకుని పెట్టేశాను.

మా వీధి వాట్సాప్ గ్రూపులో ఆ వేసవంతా "ఎలుగు! ఎలుగు!" అనే గోల. ఆ మెసేజీలన్నీ ఒక షీటులో ఎక్కించడం మొదలుపెట్టాను. తేదీ, టైము, ఏ మలుపు దగ్గర, పెద్దదా పిల్లలతోనా, చెవి ట్యాగ్, ఏం తింటోంది, మీరెంత దూరంలో ఉన్నారు, ఎటు పోయింది. ట్యాగ్ ఉంటే అది చెడ్డ ఎలుగన్నట్టే మాట్లాడేవారు మావాళ్లు. అధ్యయనం కోసం పట్టుకుని వదిలినవాటికీ ట్యాగ్ వేస్తారు, దాని గుణానికీ ట్యాగ్‌కీ సంబంధం ఉండక్కర్లేదు. సెప్టెంబరుకి 31 వరసలయ్యాయి. ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎలుగులు నాలుగైదుకి మించి లేవు. ఛాతీమీద తెల్లమచ్చ ఉన్నది ఒక్కటే తొమ్మిదిసార్లు లెక్కకొచ్చింది. రెండు వరసలు కుక్కవి. ఒకటి గాలికి ఎగిరిన నల్ల ప్లాస్టిక్ సంచిది, దాన్ని నమోదు చేసిన పెద్దమనిషి ఇప్పటికీ ఒప్పుకోడు.

అప్పట్నుంచి వార్తల్లో ఎలుగులు ఇన్నిసార్లు కనపడ్డాయి అని అంకెలు చదివితే నాకు ముందు ఫోన్లు గుర్తొస్తాయి. 2022 డిసెంబరులో ఇక్కడ ఎలుగుల వేట మళ్లీ మొదలైంది. వేట కావాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ ఇలాంటి అంకెలతోనే కొట్టుకుంటున్నారు. వేట సంగతి తేల్చేంత తెలివి నాకు లేదు కానీ, ఎన్ని ఎలుగులు అన్న ప్రశ్నకి ఎంతమంది ఫోన్ చేశారు అన్నది జవాబు కాదని మాత్రం మా వీధి షీటు చూపించి చెప్పగలను.

షీటులో నేను వెతకనిది ఒకటి దొరికింది. సగానికి పైగా వరసలు సోమవారం రాత్రివీ, మంగళవారం తెల్లవారుజామువీ! ఆ ఒక్క పేజీ ఫొటో గ్రూపులో పెడితే, ఎన్ని సలహాలు చెప్పినా కదలని జనం డబ్బాలు మంగళవారం పొద్దునే బయటపెట్టడం మొదలెట్టారు. అందరూ కాదు, మూలింటాయన ఇంకా రాత్రే పెడతాడు. అక్టోబరులో ఎలుగులకి ఆకలి ఎక్కువ, చలికాలానికి ఒళ్లు పెంచుకోవాలి. ఆ నెలలో వచ్చిన నాలుగు వరసలూ ఆ మూలవే.

అమ్మ ఆ నెలాఖరున ఇండియా వెళ్లిపోయింది. సంక్రాంతికి ఫోన్ చేసి, "మన జీడితోటలోకి ఎలుగొచ్చిందిరా, మీ చిన్నాన్న చూశాడు" అంది.

"ఎదురొచ్చిందా, మీదికొచ్చిందా? ఎన్నడుగుల దూరం?"

"ఏట్రా నువ్వు, నాను చెప్పేది వినకుండా ఆఫీసోళ్లలా అడుగుతున్నావు? ఉండు, చిన్నాన్నకిస్తాను, ఆయన్నే అడిగి రాసుకో."