ఏ సంవత్సరం అని మాత్రం అడగొద్దు సామీ

ఫోన్లో క్లాసిక్ రాక్, హెవీ మెటల్ క్విజ్‌లు కుప్పలు కుప్పలుగా దొరుకుతాయి గానీ ముక్కాలు భాగం ఒకే అచ్చులో పోసినవే. మెటాలికా మొదటి ఆల్బమ్ ఏ సంవత్సరం? 1981, 1982, 1983, 1984. తెలిస్తే నొక్కుతావు, తెలియకపోతే కళ్ళు మూసుకుని నొక్కుతావు, కరెక్టయితే పచ్చ రంగు, తప్పయితే ఎర్ర రంగు, ఆ మీదట ఒక యాడ్. 1983 అని తెలిసినందువల్ల ఎవరికి ఏం ఒరిగిందో చెప్పండి, ఎంసెట్ కోచింగ్‌లో బిట్లు బట్టీ కొట్టినట్టు ఉంటుంది.

అదే 1983ని నేనైతే ఇట్ల అడుగుతా. ఆ ఏప్రిల్లో, రికార్డింగ్ ఇంకొన్ని వారాల్లో మొదలవుతుందనంగా, ఒక గిటారిస్టుని పొద్దున్నే నిద్రలేపి నువ్వింక బ్యాండ్‌లో లేవు పోవయ్యా అని న్యూయార్క్‌లో బస్సెక్కించేశారు, లాస్ ఏంజెలెస్ దాకా నాలుగు రోజుల ప్రయాణం, ఆ బస్సులో కూర్చుని ఎవరో సెనేటర్ పంచిన కరపత్రం వెనకాల పాట రాసుకున్నాడు, ఆ కరపత్రంలో కనపడిన మాటే తర్వాత ఆయన సొంత బ్యాండ్‌కి పేరయింది. ఎవరాయన? డేవ్ మస్టేన్, బ్యాండ్ మెగాడెత్. జూలైలో మెటాలికా ఆల్బమ్ కిల్ ఎమ్ ఆల్ ఆయన లేకుండానే వచ్చింది, కానీ అందులో నాలుగు పాటలు రాసినవాళ్ళలో ఆయన పేరు అట్లే ఉంది. ఇప్పుడు 1983 గుర్తుంటుందా ఉండదా? మర్చిపొమ్మన్నా మర్చిపోరు.

మా బాలాజీ కాలనీలో మేడ మీద ఆదివారం సాయంత్రాలు ఈ పంచాయితీ నడుస్తూ ఉంటుంది. నేను, ఎస్వీ యూనివర్సిటీ రోజుల నుంచి ఉన్న ఒకరిద్దరు దోస్తులు, ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు, ఇళయరాజా తప్ప ఇంకేం వినను అనే మా బావ. కింద ఇంట్లో జాకెట్లు కుట్టే మా అత్త అప్పుడప్పుడు బొరుగుల మిక్చర్ పట్టుకుని పైకొస్తుంది. అంటే సగం మందికి ఈ సంగీతం అంటే చెవులు మూసుకునే రకం. అందుకే మాకు ఒక రూల్ పుట్టింది, పాట ఎప్పుడూ వినని మనిషి కూడా కాసేపు ఆలోచిస్తే జవాబు దగ్గరికి రాగలగాలి. రాలేకపోయాడంటే తప్పు ప్రశ్న రాసినోడిది.

ఈ రూల్ ఎంత గొప్పదో మా అత్తే నిరూపించింది. 1973లో సిడ్నీలో ఇద్దరు అన్నదమ్ములు, పుట్టింది స్కాట్లాండ్, బ్యాండ్ పెట్టుకుని పేరు కోసం వెతుకుతా ఉంటే వాళ్ళక్క ఇంట్లో ఒక వస్తువు మీద రాసున్నది చూసి ఇది పెట్టుకోండ్రా అంది, ఏం వస్తువు, ఏం పేరు అని అడిగా. మావాళ్ళు ఫ్రిజ్ అంటారు, రేడియో అంటారు, ఒకడైతే గ్యాస్ పొయ్యి అన్నాడు. అత్త గిన్నె కింద పెట్టి, "రేయ్, మిషన్ అయితే? నా మిషన్ మోటార్ మీద ఏసీ డీసీ అని రాసుండాది చూడు, ఇంగ నాకొచ్చిన ఇంగ్లీషు అదొక్కటే" అంది. మేనల్లుడు లేచి నిలబడి దండం పెట్టాడు. మాల్కమ్ యంగ్, ఆంగస్ యంగ్, అక్క మార్గరెట్, కుట్టు మిషన్, బ్యాండ్ పేరు ఏసీ డీసీ. ఆంగస్‌ని స్టేజి మీద స్కూలు యూనిఫారం వేసుకోమన్నది కూడా ఆ అక్కేనంట. ఇంత చక్కని కథ ఉంటే కొన్ని క్విజ్‌లలో ఆ పేరుకి ఏదో సైతాను అర్థం అంటగట్టి అదే కరెక్ట్ ఆన్సర్ అని పచ్చ రంగు చూపిస్తారు, చూస్తే ఒళ్ళు మండుతుంది. పుకారుని ప్రశ్నగా పెట్టేవాడికి నా దగ్గర మైనస్ మార్కులే.

ఇంక మా మేడ మీద బాగా పేలిన ప్రశ్న బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీది. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ, 17 ఏళ్ళ కుర్రాడు, ఉద్యోగానికి అదే ఆఖరి రోజు, రాని మనిషి బదులు ప్రెస్సు మిషన్ దగ్గర నిలబెట్టారు, రెండు వేళ్ళ కొసలు పోయాయి. ఏ చేతివి? అందరూ ఎడమ చెయ్యి అంటారు, ఎందుకంటే గిటార్ తీగలు నొక్కేది ఎడమ చేత్తో గదా. కాదు, ఆయన ఎడమచేతివాటం, కాబట్టి నొక్కేది కుడి చేత్తో, పోయినవి కుడిచేతి మధ్యవేలు, ఉంగరం వేలు కొసలు. ఇక్కడితో ఆపితే మామూలు క్విజ్. రెండో భాగం అడగాలి, అట్లాంటి వేళ్ళతో ఎట్ల వాయించాడు?

దీనికి మేం నోటితో జవాబు చెప్పలేదు, మేనల్లుడి గిటార్ తెప్పించాం. వాడి రెండు వేళ్ళకి ఇన్సులేషన్ టేపు మందంగా చుట్టి వాయించమన్నాం. తీగ మీద వేలు జారిపోతుంది, నొక్కితే గరగరమని చచ్చిన శబ్దం. "మామా, తీగ తగిలిందో లేదో నాకే తెలీడంలా, కళ్ళతో చూసి నొక్కాల్సొస్తా ఉండాది" అన్నాడు. అయోమీ బాధా అదే. గిన్నెలు కడిగే లిక్విడ్ బాటిల్ ప్లాస్టిక్ కరిగించి, వేళ్ళకి సరిపోయే తొడుగులు చేసుకుని, తీగ జారకుండా పైన తోలు ముక్క అంటించుకున్నాడు. అయినా మామూలు తీగలు గట్టిగా ఉంటాయి గదా, ముందు సన్నగా ఉండే బాంజో తీగలు తెచ్చి కట్టి చూశాడు, తర్వాత తీగలనే వదులు చేశాడు. మేం కూడా మరలు తిప్పి తీగలు వదులు చేసి మళ్ళీ వాయించమంటే టేపు వేళ్ళకి కాస్త లొంగాయి, శబ్దం మాత్రం ఒక్కసారిగా బరువుగా లోతుగా దిగింది. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న మా బావ తలెత్తి, "శ్రుతి దించినాడు, అంతే గదా" అన్నాడు. అంతే బావా, 1971లో వచ్చిన బ్లాక్ సబ్బాత్ మూడో ఆల్బమ్, మాస్టర్ ఆఫ్ రియాలిటీలో కొన్ని పాటలకి మూడు స్వరస్థానాలు కిందికి దించాడు, ఆ తర్వాత వచ్చిన మెటల్ బ్యాండ్లు ఎన్నో అదే దారి పట్టుకున్నాయి. దెబ్బ తగిలాక ఇంక గిటార్ ముట్టనని కూర్చుంటే ఫ్యాక్టరీలో పెద్దాయన ఒకాయన జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడంట, మంటల్లో రెండు వేళ్ళు పనికిరాకుండా పోయినా మిగతా వాటితో గిటార్ వాయించిన మనిషి.

అదే బ్యాండ్ మీద తేదీ ప్రశ్న కూడా ఒకటి పెట్టా, నేను తేదీలకి పూర్తిగా వ్యతిరేకిని కాదు, తేదీకి కారణం ఉండాలంతే. వాళ్ళ మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న ఇంగ్లాండ్‌లో విడుదలైంది, ఆ రోజే ఎందుకు? 13వ తారీఖు శుక్రవారం, అక్కడ అపశకునం, భయపెట్టే పాటలకి సరిపోయిందని. మావాళ్ళకి ఎక్కలేదు. "శుక్రవారం స్వామికి అభిషేకం, అంత మంచి రోజు ఇంగోటి ఉండాదా" అని అత్త వాదన, తిరుపతిలో కూర్చుని దీనికి ఎదురు చెప్పడం నా వల్ల కాలేదు.

అదే సబ్బాత్ సింగర్ ఆజీ ఆజ్‌బోర్న్ అంటే ప్రతి క్విజ్‌లో గబ్బిలం. 1982 జనవరి 20, అమెరికాలో డెమాయిన్, స్టేజి మీదికి ఎవరో విసిరిన గబ్బిలాన్ని రబ్బరు బొమ్మ అనుకుని తల కొరికాడు, సరే, తెలుసు, ఇంకెన్నాళ్ళు? నేనైతే ఆజీ పాడిన సబ్బాత్ పాటల మాటలు ఎక్కువ శాతం ఎవరు రాశారు అని అడుగుతా. బాస్ వాయించే గీజర్ బట్లర్ (పేరు చెప్పంగానే మావాళ్ళకి బాత్రూమ్ గుర్తొచ్చింది, వదిలేయండి). 2025 జూలై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్కు స్టేడియంలో సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని ఆఖరిసారి పాడి, అదే నెల 22న పోయాడు, పుట్టిన ఊర్లోనే పాట ముగించిన మనిషిని ఇంకా గబ్బిలంతోనే గుర్తుపెట్టుకోవడం నాకు నచ్చదు.

డెఫ్ లెపర్డ్ డ్రమ్మర్ రిక్ అలెన్ ప్రశ్న మేనల్లుడు రాసిందే. 1984 డిసెంబర్ 31న కారు ప్రమాదంలో ఎడమ చెయ్యి పోయింది, ఆ చెయ్యి చేసే పని తర్వాత ఏది చేసింది? ఎడమ కాలు. పెడల్స్‌తో ఎలక్ట్రానిక్ డ్రమ్స్ చేయించుకున్నాడు, 1987లో హిస్టీరియా ఆల్బమ్ అట్లనే వచ్చింది.

మన వైపు నుంచి ప్రశ్న లేదా అంటే ఉంది. బీటిల్స్‌లో రింగో స్టార్ కంటే ముందు డ్రమ్స్ వాయించిన పీట్ బెస్ట్ 1941లో మద్రాసులో పుట్టాడు, అప్పటికి మన చిత్తూరు జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి మనోడే అని నా లెక్క. 1962లో ఆయన్ని తీసేసి రింగోని పెట్టుకున్నారు. బీటిల్స్ మెటల్ క్విజ్‌లోకి ఎట్లొస్తారని ఒక దోస్తు గొడవ పెట్టుకున్నాడు, క్లాసిక్ రాక్ అని పేరు ముందే ఉంది కదప్పా అని ఊరుకోబెట్టాం. ఐరన్ మెయిడెన్‌కి మాత్రం అభ్యంతరం లేదు, 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చిన బ్యాండ్. మరుసటి ఏడాది టూర్‌లో బ్యాండునీ సామాన్లనీ మోసిన బోయింగ్ 757ని నడిపిన పైలట్ ఎవరు అంటే ఆ బ్యాండ్ సింగరే, బ్రూస్ డికిన్సన్. బావ దీన్ని నమ్మలేదు, గూగుల్ చేసి ఫోటో చూపిస్తే గానీ ఒప్పుకోలేదు.

మొన్న వారం నన్ను పక్కన కూర్చోబెట్టి మేనల్లుడే ప్రశ్నలు పెట్టాడు. క్వీన్ బ్యాండ్ సింగర్ ఫ్రెడ్డీ మెర్క్యురీ పంచగనిలో చదివాడని తీశాడు, ఇది అందరికీ తెలిసిందేలేరా, జాంజిబార్, పార్సీ కుటుంబం, అసలు పేరు ఫరోఖ్ బల్సారా, ముందుకు పో అన్నా. "ఆగు మామా, ఆ స్కూల్లో ది హెక్టిక్స్ అని బ్యాండ్ ఉండె గదా, దాంట్లో ఆయన పని ఏంది?" అన్నాడు. పాడటం అన్నారు అందరూ ఒక్క గొంతుతో. కాదంట, పియానో, ముందు నిలబడి పాడే కుర్రాడు వేరే. అన్ని వారాలు నేను పెట్టిన వాటికంటే ఈ ఒక్కటి బాగుందని బావ తీర్పు, నేనూ ఏం మాట్లాడలా.