యాప్ మారి తిరిగొస్తే ఫారం ఎందుకు ఖాళీ అవుతుంది?

యూజర్ సగం ఫారం నింపి, ఓటీపీ చూసుకోడానికి మెసేజ్‌ల యాప్‌లోకి వెళ్తాడు. తిరిగొచ్చేసరికి అంతా ఖాళీ. డెవలపర్ ఫోన్‌లో మెమరీ పుష్కలంగా ఉంటుంది కాబట్టి ఈ బగ్ అక్కడ ఓ పట్టాన కనబడదు.

ఆండ్రాయిడ్‌లో యాప్ వెనక్కి వెళ్లాక, మెమరీ చాలకపోతే సిస్టమ్ ఆ ప్రాసెస్‌నే (నడుస్తున్న యాప్‌ని, దాని మెమరీతో సహా) చంపేస్తుంది. అప్పుడు ఆన్‌డిస్ట్రాయ్ (స్క్రీన్ మూతపడేటప్పుడు సిస్టమ్ పిలిచే ఫంక్షన్) నడుస్తుందని ఆశ పెట్టుకోవద్దు. రీసెంట్స్‌లో (ఈమధ్య వాడిన యాప్‌ల జాబితాలో) కార్డు మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని నొక్కితే కొత్త ప్రాసెస్ మొదలై, యాక్టివిటీ (యాప్‌లోని ఒక స్క్రీన్) పాత బండిల్‌తో (సిస్టమ్ దాచి ఉంచిన చిన్న డేటా మూటతో) మళ్లీ తయారవుతుంది.

"డేటా వ్యూమోడల్‌లో ఉందిగా" అంటారు చాలామంది. వ్యూమోడల్ అంటే స్క్రీన్ డేటాను మెమరీలో ఉంచే ఆబ్జెక్ట్. స్క్రీన్ తిప్పినప్పుడు వ్యూమోడల్ నిలుస్తుంది గానీ ప్రాసెస్ పోతే అదీ పోతుంది. సింగిల్‌టన్‌లూ (యాప్ మొత్తానికీ ఒక్కటే ఉండే ఆబ్జెక్ట్‌లు) అంతే, పైగా ఇంకా ప్రమాదం. లాగిన్ స్క్రీన్ నింపిన సింగిల్‌టన్ మీద నాలుగో స్క్రీన్ ఆధారపడిందనుకోండి: తిరిగొచ్చినప్పుడు నేరుగా నాలుగోదే తెరుచుకుంటుంది, లాగిన్ కోడ్ నడవనే నడవదు, నల్ (ఖాళీ విలువ) తగిలి క్రాష్. కెమెరా యాప్‌ని పిలిచే చోట కూడా ఇదే తంటా. కెమెరా మెమరీ బాగా తింటుంది, మన ప్రాసెస్ పోతుంది, ఫొటో సేవ్ అయిన యూఆర్ఐ (చిరునామా) ఉంచుకున్న వేరియబుల్ తిరిగొచ్చేసరికి ఖాళీ.

ఎంచుకున్న ట్యాబ్, రికార్డు ఐడీ, వెతికిన పదం, ఆ ఫొటో యూఆర్ఐ లాంటి చిన్నవన్నీ సేవ్డ్‌స్టేట్‌హ్యాండిల్‌లో (వ్యూమోడల్ నుంచి బండిల్‌లోకి దాచే దారి) పెట్టండి. కంపోజ్‌లో (ఆండ్రాయిడ్ స్క్రీన్‌లు రాసే కొత్త పద్ధతి) అయితే రిమెంబర్ బదులు రిమెంబర్‌సేవబుల్. పాత వ్యూ పద్ధతిలో ఎడిట్‌టెక్స్ట్ (టైప్ చేసే పెట్టె) తన అక్షరాలను తానే దాచుకుంటుంది, కానీ దానికి ఐడీ ఇచ్చి ఉంటేనే. జాబితాలు, బిట్‌మ్యాప్‌లు బండిల్‌లోకి నెట్టొద్దు. ఆ డేటా వెళ్లే బైండర్ (ప్రాసెస్‌ల మధ్య డేటా పంపే ఆండ్రాయిడ్ మార్గం) బఫర్ ప్రాసెస్ మొత్తానికీ కలిపి 1 ఎంబీ. దాటితే ట్రాన్సాక్షన్‌టూలార్జ్ ఎక్సెప్షన్ వస్తుంది, ఆండ్రాయిడ్ 7 నుంచి దానితో యాప్ క్రాష్ అవుతుంది. 50 కేబీ లోపు ఉంచితే నిశ్చింత.

యూజర్ కష్టపడి టైప్ చేసిన డ్రాఫ్ట్‌ని మాత్రం బండిల్‌కి అప్పగించకూడదు. బ్యాక్ నొక్కి స్క్రీన్ మూసేసినా, రీసెంట్స్ నుంచి తోసేసినా ఆ స్టేట్ మిగలదు. దాన్ని రూమ్ (ఫోన్‌లోనే డేటా దాచే ఆండ్రాయిడ్ లైబ్రరీ) డేటాబేస్‌లో రాయండి: టైపింగ్ ఆగిన అర సెకనుకి ఒకసారి, ఆన్‌స్టాప్‌లో (స్క్రీన్ కనుమరుగైనప్పుడు) ఇంకోసారి. ఆ రెండోది వ్యూమోడల్‌స్కోప్‌లో (వ్యూమోడల్‌తో పాటే ముగిసే పనుల పరిధిలో) మొదలుపెడితే, స్క్రీన్ మూతపడుతున్నప్పుడు మధ్యలోనే రద్దు కావచ్చు. యాప్ స్థాయి స్కోప్ వాడండి. ఆన్‌పాజ్‌లో (స్క్రీన్ వెనక్కి జరగబోతున్నప్పుడు) బరువైన పని వద్దు, అది ముగిసేదాకా తర్వాతి స్క్రీన్ పైకి రాదు. ఇక పాస్‌వర్డ్, కార్డు నంబరు, ఓటీపీ డ్రాఫ్ట్‌లోకి అసలు రానే రాకూడదు.

పరీక్షించడానికి ఫారం సగం నింపి హోమ్ నొక్కండి. తర్వాత ఫోన్‌కి కలిపిన కంప్యూటర్‌లో ఏడీబీ షెల్ ఏఎమ్ కిల్ (adb shell am kill) అని కొట్టి, పక్కనే ప్యాకేజీ పేరివ్వండి. ఇప్పుడు రీసెంట్స్ నుంచి తెరవండి. హోమ్ నొక్కకుండా కొడితే ఏమీ జరగదు, ముందున్న యాప్‌ని ఆ ఆదేశం ముట్టుకోదు. ఫోర్స్ స్టాప్ దీనికి సాటి రాదు, అది సేవ్ అయిన స్టేట్‌నీ తుడిచేస్తుంది. డెవలపర్ ఆప్షన్స్‌లోని 'డోంట్ కీప్ యాక్టివిటీస్' కూడా సగం పరీక్షే: యాక్టివిటీలు పోతాయి గానీ ప్రాసెస్ బతికే ఉంటుంది, కాబట్టి సింగిల్‌టన్ బగ్‌లు దొరకవు.

ఐఫోన్‌లోనూ కథ దాదాపు ఇదే. సస్పెండ్ అయిన యాప్‌ని ఐఓఎస్ చెప్పాపెట్టకుండా తీసేస్తుంది, అప్లికేషన్‌విల్‌టెర్మినేట్ (యాప్ ముగుస్తోందని చెప్పే పిలుపు) అప్పుడు రాదు. సీన్‌డిడ్‌ఎంటర్‌బ్యాక్‌గ్రౌండ్‌లోనే (యాప్ వెనక్కి వెళ్లగానే వచ్చే పిలుపులోనే) సేవ్ చెయ్యాలి. అక్కడ దొరికేది సుమారు 5 సెకన్లు. చాలదనిపిస్తే బిగిన్‌బ్యాక్‌గ్రౌండ్‌టాస్క్‌తో ఇంకాస్త సమయం అడగొచ్చు, పని అవగానే ఎండ్‌బ్యాక్‌గ్రౌండ్‌టాస్క్ పిలవకపోతే సిస్టమ్ యాప్‌నే ఆపేస్తుంది.