సణుగుడు విని సభ పిలిచిన పన్నెండుగురు

"ఆ దినములలో శిష్యుల సంఖ్య విస్తరించుచున్నప్పుడు అనుదిన పరిచర్యలో తమలోని విధవరాండ్రను చిన్నచూపు చూచిరని హెబ్రీయులమీద గ్రీకుభాష మాట్లాడు యూదులు సణుగసాగిరి." (అపొస్తలుల కార్యములు 6:1)

పెంతెకొస్తు దినాన ఒక్కరోజులోనే మూడు వేలమంది చేర్చబడ్డారని ఆదివారపు బడి పిల్లలు కూడా గుక్క తిప్పుకోకుండా చెబుతారు. అదే పుస్తకంలో నాలుగు అధ్యాయాలు ముందుకు వెళ్తే, అదే సంఘంలో అన్నం దగ్గర తగువు కనిపిస్తుంది. దాని మీద ప్రసంగాలు అంతగా వినిపించవు. వినిపించినా, ఆ తగువు తీర్చడానికి ఎన్నికైనవారిలో మొదటివాడైన స్తెఫను విశ్వాసం దగ్గరే ఆగిపోతాయి. ఆకలితో కూర్చున్న విధవరాండ్రు ప్రస్తావనకే తప్ప ప్రసంగానికి రారు.

ఈ తగువు ఎక్కడ మొదలైందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. నాలుగో అధ్యాయంలో పొలాలూ ఇళ్లూ అమ్మినవారు ఆ సొమ్ము తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టారు. బర్నబా కూడా తన భూమి అమ్మి అలాగే చేశాడు. అయిదో అధ్యాయంలో అననీయ, సప్పీరాలు ఆ పాదాల దగ్గరే అబద్ధమాడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆరో అధ్యాయానికి వచ్చేసరికి పంపకంలో పక్షపాతం ఉందన్న మాట పుట్టింది. వరుసగా మూడు అధ్యాయాలు, మూడింటిలోనూ డబ్బు. వాక్యం, పెట్టె తాళం రెండూ ఒకే పన్నెండుగురు అపొస్తలుల చేతుల్లో ఉన్న రోజులవి. వాళ్లు ఆ సొమ్ము తిన్నారని ఈ పుస్తకం రాసిన లూకా ఎక్కడా అనలేదు. యేసుతో మూడేళ్లు తిరిగిన మనుషులు వాళ్లు. అయినా కొందరు విధవరాండ్రకు అన్నం అందలేదు. వాళ్లది వేరే భాష, పరదేశాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. వడ్డించేవారిలో తమవాళ్లు ఉన్నారని ఎక్కడా లేదు.

ఇక్కడ అపొస్తలులకు చాలా సులువైన దారి ఒకటి ఉంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులు మోషే మీద సణిగి ఎలాంటి శిక్ష అనుభవించారో వాళ్లకు చిన్ననాటి నుంచి తెలుసు. ఆ కథ ఎత్తుకుని, "దేవుని సేవకుల మీద సణగడం దేవుని మీద సణగడమే" అని ఒక్క ప్రసంగం చేస్తే ఆ గొంతులు అణగిపోయేవి. మన దగ్గర ఆ ప్రసంగం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. పన్నెండుగురు మాత్రం సణుగుడుకు పాపమని పేరు పెట్టలేదు. ఎవరు సణిగారని విచారించనూ లేదు. శిష్యుల సమూహాన్నంతటినీ పిలిచి, తమ వల్ల కాని పని ఏదో ఒప్పుకుని, ఇలా అన్నారు: "కాబట్టి సహోదరులారా, ఆత్మతోను జ్ఞానముతోను నిండుకొని మంచిపేరుపొందిన యేడుగురు మనుష్యులను మీలో ఏర్పరచుకొనుడి. మేము వారిని ఈ పనికి నియమింతుము."

ఏర్పరచుకోవడం సమూహం వంతు, నియమించడం అపొస్తలుల వంతు. అర్హతలు ముందే అందరి ఎదుటా చెప్పేశారు. తరువాత ఏర్పడినవారి పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. పన్నెండుగురిలో కూడా అంద్రెయ, ఫిలిప్పు అనే గ్రీకు పేర్లు ఉన్నాయి కాబట్టి పేరొక్కటి చూసి మనిషి ఏ పక్షమో తేల్చలేం. అయినా ఏడుకు ఏడూ అలా రావడం ఊరికే జరిగిందనుకోవడం నాకు కష్టం. చివరి నీకొలాసు అయితే పుట్టుకతో యూదుడే కాడు, అంతియొకయ నుంచి వచ్చి యూదుల మతంలో కలిసినవాడు. అంటే ఎవరు మాకు అన్యాయం జరిగిందన్నారో, పంపకం వాళ్లవాళ్ల చేతికే వెళ్లింది. సర్దుబాటు కోసం ఇటు ముగ్గురు, అటు నలుగురు అని కమిటీ వేసుకునే అలవాటు మనది. వాళ్లు అంతకంటే చాలా దూరం వెళ్లారు.

మన ఉత్తరాంధ్రలో సంఘాల నిర్ణయాలు ఎన్ని రకాలుగా జరుగుతాయో ఒక్క బస్సు ప్రయాణంలో చూడవచ్చు. 1993లో ఏర్పడిన శ్రీకాకుళం కతోలిక మేత్రాసనం (బిషప్ పాలించే ప్రాంతం) పరిధిలో విచారణ గురువులను, అంటే స్థానిక సంఘాల గురువులను, నియమించేదీ బదిలీ చేసేదీ బిషప్‌గారు. కతోలిక సంఘ చట్టం ప్రకారం ప్రతి విచారణలోనూ ఆర్థిక సలహా సంఘం తప్పనిసరిగా ఉండాలి. పాలక సలహా మండలి సలహా మాత్రమే ఇస్తుంది, తుది మాట గురువుదే. సాలూరు వైపు వెళ్తే జర్మనీ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు నాటిన సంఘాలు, వాటి సినడు (ప్రతినిధుల సభ) పద్ధతి కనిపిస్తాయి. బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం, టెక్కలి, పాలకొండ ప్రాంతాల్లో పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో కెనడా బాప్టిస్టు మిషనరీలు నిలబెట్టిన సంఘాలు ఉన్నాయి. బాప్టిస్టు సిద్ధాంతంలో సంఘమే అన్నింటికీ పెద్ద. కాపరిని పిలవాలన్నా, బాప్తిస్మానికి ఒకరిని అంగీకరించాలన్నా సభ్యులు చేతులెత్తి చెప్పాలి. కాగితం మీద ఇంత ప్రజాస్వామ్యం ఊరి పంచాయతీలో కూడా ఉండదు. కానీ ఆ తొలి రోజుల్లో ఓటు సంఘానిదైతే డబ్బు మిషనుది. జీతమిచ్చే దొరగారి బంగళా వైపు చూడకుండా చెయ్యెత్తడం పేద కూలీకి అంత తేలిక కాదు. చుట్టూ ఉన్నది జమీందారీ సీమ. ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది కానీ "బాబుగారు ఎలా అంటే అలాగే" అనే మాట మాత్రం రద్దు కాలేదు, మందిరాల్లో కూడా. ఇక గత కొన్ని దశాబ్దాలుగా వీధికొకటిగా వెలిసిన స్వతంత్ర సంఘాల్లో స్థాపించినవారే కాపరి, వారే ట్రస్టు అధ్యక్షులు, చాలాచోట్ల వారసుడు కూడా ముందే ఖరారు.

ఏ పద్ధతి మంచిదన్న వాదన ఇక్కడ ఎత్తను. బిషప్ ఉన్నచోట న్యాయం జరగడం చూశాను, ఓటు ఉన్నచోట జరగకపోవడమూ చూశాను. ఆరో అధ్యాయం అడిగే ప్రశ్న వేరు: నిర్ణయం వల్ల నష్టపోయేవారు ఆ నిర్ణయం జరిగేచోట ఉన్నారా?

విజయనగరం జిల్లాలో ఒక పల్లె మందిరం. పేరు అక్కర్లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక సర్వసభ్య సమావేశం. గుమ్మం వైపు కుర్చీల్లో పెద్దలు, చాపల మీద స్త్రీలు. వేదిక పక్కన బియ్యం డబ్బా ఉంది. మన సంఘాల్లో పాత అలవాటే ఇది: పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి విడిగా దాచి, ఆదివారం కొంగున కట్టి తెచ్చి ఆ డబ్బాలో పోస్తారు. సన్నబియ్యం, కోటా బియ్యం, మట్టిపెళ్లలు ఏరినవీ ఏరనివీ అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఎవరి పిడికిలి ఎవరిదో దేవుడికే తెలియాలి. నెలాఖరున ఆ బియ్యం అమ్మి సొమ్ము జమ చేస్తారు. కార్యదర్శిగారు పొడుగు పుస్తకం తెరిచి చదివారు: కానుకలు ఇంత, దశమభాగాలు ఇంత, కోత పండుగ వేలం ఇంత, ప్రహరీగోడకు ఖర్చు ఇంత. "అందరికీ సమ్మతమేనా?" అన్నారు. ఎవరూ మాట్లాడకపోతే సమ్మతమే అని రాసుకోవడం ఆనవాయితీ. అప్పుడు చాప మీద నుంచి ఒక పెద్దావిడ, "మా పిడికెడు బియ్యం డబ్బు ఏ పేజీలో ఉంది బాబూ?" అని అడిగింది. ఆయన పేజీలు వెనక్కి తిప్పి, "ఇతర ఆదాయంలో కలిపామమ్మా" అన్నారు. ఆమె ఊరుకోలేదు. "జ్వరమొచ్చి పడుకున్న వాళ్లకి అందులోంచి ఇద్దామని ముందు అనుకున్నాం కదా" అంది. గోడకు సిమెంటు కొన్నది ఆ డబ్బుతోనే అని అప్పుడు తెలిసింది.

ఎవరూ దొంగిలించలేదు. గోడా కావలసిందే. ఆ పెద్దావిడ అడిగినదానికి ఆ పూట జవాబు రాలేదు, ప్రార్థనతో సభ ముగించారు. ప్రార్థనతో ముగించడం మనకు ఎంత అక్కరకొస్తుందో!

శ్రీకాకుళం జిల్లా మందిరాల్లో ఈ చాప సంగతి ఇంకా ఎక్కువ ఆలోచించాలి. ఇక్కడి మగవారు భవన నిర్మాణ పనులకు చెన్నై, హైదరాబాదు వెళ్తారు. తీరప్రాంతంవారు గుజరాత్‌లోని వెరావల్ రేవుకు చేపల వేటకు వెళ్తారు. అలా వెళ్లిన మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఆ నెలల్లో ఈ జిల్లా ఇళ్లల్లో ప్రార్థన ఎవరు చేశారో, అప్పులు ఎవరు తీర్చారో చెప్పనక్కర్లేదు. వలస ఉన్న పల్లెల్లో ఏడాది పొడవునా ఆరాధనకు వచ్చేది స్త్రీలు, ముసలివారు, పిల్లలు. సంక్రాంతికి రైళ్లు దిగినవారంతా కలిసి సంఘ పెద్దలను ఎన్నుకుని మళ్లీ రైలెక్కుతారు.

"ఎన్నుకున్న ఏడుగురూ మగవారే కదా" అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కానీ రోమా పత్రిక పదహారో అధ్యాయం కెంక్రేయలోని సంఘ పరిచారకురాలు ఫీబేతోనే మొదలవుతుంది. దక్షిణ ఇండియా సంఘంలో మొట్టమొదటి మహిళా బిషప్ 2013లో మన తెలుగునేల మీదే, నంద్యాల అధ్యక్ష మండలంలో అయ్యారు. పుష్పలలితగారు. మన పల్లెలో కోశాధికారిగా ఒక స్త్రీ పేరు వస్తే ఇంకా నవ్వు వినిపించడం ఏమిటో నాకు బోధపడదు. ఇంటి డబ్బు ఆమె దగ్గరే పెట్టి వెరావల్ వెళ్లినవాడే నవ్వుతాడు.

ప్రశ్న అడిగినవారి నోరు మూయించడానికి మన దగ్గర తరచూ వాడే వచనం ఇంకొకటుంది: "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు, నా ప్రవక్తలకు కీడుచేయకూడదు." నూట అయిదవ కీర్తన. దాని పై వచనాలు కూడా కలిపి చదవాలి. ఆ అభిషిక్తులు ఎవరు? అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు. లెక్కకు కొద్దిమంది, సొంత నేల లేక ఒక రాజ్యం నుంచి మరో రాజ్యానికి తిరుగుతున్న పరదేశులు. ఆ హెచ్చరిక విన్నది రాజులు. బలం లేనివారిని ముట్టవద్దని బలవంతులకు దేవుడు చెప్పిన మాటను, బలవంతుడిని లెక్క అడగవద్దని బలం లేనివారికి చెప్పడం కీర్తనను తలకిందులు చేయడమే.

నాయకులకు లోబడమని హెబ్రీ పత్రిక పదమూడో అధ్యాయం చెబుతుంది, కాదనను. ఆ వచనంలోనే వాళ్లు "లెక్క ఒప్పచెప్పవలసినవారివలె" కాస్తున్నారని ఉంది. దేవునికే చెబుతాం, మీకెందుకు అంటారా? పౌలు అలా అనలేదు. యెరూషలేములోని పేదల కోసం పోగుచేసిన చందా తీసుకెళ్లేటప్పుడు, సంఘాలు ఏర్పరచిన సహోదరుడిని వెంట పెట్టుకున్నాడు. తన మీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నానని, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలోనూ యోగ్యంగా ఉండాలని రెండో కొరింథీ పత్రిక ఎనిమిదో అధ్యాయంలో రాశాడు. మూడో ఆకాశం చూసివచ్చినవాడికే సాక్షి కావలసివచ్చింది.

ఆ పౌలే అంతియొకయలో కేఫాను, అంటే పేతురును, ముఖాముఖిగా ఎదిరించాడు. అన్యజనులతో (యూదులు కానివారితో) కలిసి తింటున్న పేతురు, యెరూషలేము సంఘ నాయకుడు యాకోబు దగ్గర నుంచి మనుషులు రాగానే పంక్తి వదిలి లేచాడు. అందరి ఎదుటా అడిగితే సంఘం చీలలేదు, పేతురు గౌరవమూ పోలేదు. అదే పేతురు తర్వాత పెద్దలకు రాసిన మాటలు ఇవి: "మీకు అప్పగింపబడినవారిపైన ప్రభువులైనట్టుండక మందకు మాదిరులుగా ఉండుడి."

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. అన్నిచోట్లా కాపరే దొర కాడు. పెద్దల కుటుంబాలు రెండు మూడు కలిసి మందిరాన్ని గుప్పిట్లో పెట్టుకుని, పాస్టరుగారి జీతం నెలల తరబడి ఆపి, పాస్టరమ్మగారు కూలికి వెళ్లే స్థితి తెచ్చిన సంఘాలూ మన రెండు జిల్లాల్లో ఉన్నాయి. మూడో యోహాను పత్రికలోని దియొత్రెఫేకు ఏ పదవి ఉందో రాయలేదు. ప్రధానత్వం కోరాడని, సహోదరులను చేర్చుకునేవారిని సంఘం నుంచి వెలివేశాడని మాత్రం ఉంది. అలాంటివాడికి పదవితో పని లేదు.

మళ్లీ అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయానికి వస్తే, అందులోని ఏడో వచనం సాధారణంగా ఎవరూ ఈ తగువుతో కలిపి చదవరు. ఆ ఏడుగురి మీద చేతులుంచాక, "దేవుని వాక్యము ప్రబలమై శిష్యుల సంఖ్య యెరూషలేములో బహుగా విస్తరించెను, మరియు యాజకులలో అనేకులు విశ్వాసమునకు లోబడిరి" అని లూకా రాశాడు. పెట్టె తాళం వదులుకుంటే అధికారం తగ్గుతుందని భయపడేవారు ఈ వచనం దగ్గర కాసేపు కూర్చోవాలి. లోబడినవారు మామూలు మనుషులు కారు, దేవాలయంలో పంపకాలు, వాటాలు తరతరాలుగా చూసిన యాజకులు.

జనవరి దగ్గర పడుతోంది, సంవత్సర సభలు వస్తాయి. ఆ పల్లె సంఘం ఈసారి సభకు వారం ముందే లెక్కల పుస్తకం మందిరంలో ఉంచాలని తీర్మానించింది. చదువురానివారికి చదివి వినిపించే పని యువజన సంఘానికి అప్పగించారు. బియ్యం సొమ్ముకు వేరే పేజీ ఇచ్చారు. దాని మీద స్త్రీల సమాజం నుంచి ఒకరు సంతకం చేయాలా, పెద్దల సంతకం చాలునా అన్నది ఇంకా తేలలేదు. సంక్రాంతికి అందరూ వచ్చాక తేలుద్దామని పెద్దలు అంటున్నారు. అప్పటిదాకా ఆగనక్కర్లేదని, ఇక్కడ ఉన్నవాళ్లం చాలునని చాప మీదవాళ్లు అంటున్నారు.