లక్క ప్లేట్లలో రెండు రంగస్థలాలు

నా బీరువాలో ఎన్రికో కరూసో పాడిన ఇటాలియన్ ఒపెరా (పాటలతో నడిచే నాటకం) గ్రామఫోను ప్లేట్లూ, స్థానం నరసింహారావు గారి, ఈలపాట రఘురామయ్య గారి నాటక పద్యాల ప్లేట్లూ ఒకే అరలో పక్కపక్కనే ఉంటాయి. చూడవచ్చిన మిత్రులు వాటిని భాషల వారీగా విడదీసి సర్దమని సలహా ఇస్తుంటారు. నేను ఒప్పుకోను. చివరి వరుసలో కూర్చున్న ప్రేక్షకుడికి సైతం ప్రతి మాటా స్పష్టంగా అందేలా, మైకు అన్నది లేకుండా గొంతును సాధన చేసుకున్న నటగాయకులు వీరందరూ. పాత్రలో నిలబడి, కథలోని ఒక ఘట్టాన్ని రాగంతో మోసి, సభ చేత మళ్లీ పాడించుకోవడమే వీరి విద్య. మిలాన్ ప్రేక్షకులు ‘బిస్’ అని అరిచినా, మన ప్రేక్షకులు ‘ఒన్స్ మోర్’ అని అరిచినా అడిగింది ఒకటే. అక్కడ పడుచు కుర్రవాడి పాత్రను స్త్రీ పాడే సంప్రదాయం ఉంటే, ఇక్కడ సత్యభామగా స్థానం వారు రంగం మీదికి వచ్చేవారు. ఇంత దగ్గరి చుట్టాలను వేరు వేరు అరల్లో పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

మా బరంపురంలో ఈ రెండు రకాల ప్లేట్లూ దొరకడానికి కారణాలు ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉండేది. మద్రాసు–హౌరా రైలు మార్గం మీద ఉన్న ఊరు కాబట్టి తెలుగు ప్లేట్లు దక్షిణం నుంచీ, బెంగాలీ, హిందుస్తానీ ప్లేట్లు కలకత్తా నుంచీ వచ్చి ఇక్కడి ఇళ్లలో కలుసుకున్నాయి. దగ్గరలోని గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూనుకు స్టీమర్లు నడిచిన రోజుల్లో అక్కడ దొరల కంపెనీలూ, సముద్రతీరపు బంగళాలూ ఉండేవి. రంగూనులో నాలుగు డబ్బులు సంపాదించి తిరిగి వచ్చిన మనవాళ్లలో గ్రామఫోను వెంట తెచ్చుకున్నవారూ ఉన్నారు. ఆ సామానంతా తరాలు మారాక కొంత అటకల మీదికీ, కొంత పాత సామాన్ల కొట్లకూ చేరింది.

పట్టు నేతవారి వీధిలో ఒక పెద్దావిడ ఇంట్లో చూసిన పెట్టెను ఇక్కడ చెప్పాలి. చెక్క పెట్టె, అడుగున వేపాకు, ప్లేటుకూ ప్లేటుకూ మధ్య మడతపెట్టిన పాత ఒడియా పత్రిక. “బాబూ, ఇవి మా మామగారివి. సాయంత్రం పూట రాయబారం పద్యాలు పెట్టుకుని వినేవారు. మధ్యలో ఈ దొరల పాటలు ఎందుకు కొన్నారో మాత్రం మాకెవరికీ తెలియదు,” అన్నారావిడ. కృష్ణ రాయబారం ప్లేట్ల కిందనే ఎర్ర లేబుల్‌తో, ఒకవైపు మాత్రమే పాట ఉండి వెనకవైపు నున్నగా మిగిలిన కరూసో ప్లేటు ఉంది. “రెండూ కలిపే ఉంచుతానండి పిన్నిగారూ,” అని మాట ఇచ్చి తెచ్చుకున్నాను. ఆ మామగారికి ఒపెరా కథ తెలిసి ఉండకపోవచ్చు; కానీ గొంతు పై స్థాయిలో నిలబడినప్పుడు ఏం జరుగుతుందో, రాయబారం పద్యాలు విన్న ఆ చెవులకు వేరే చెప్పాల్సిన పని ఉండదని నా నమ్మకం.

ఈ బంధుత్వానికి చరిత్రలోనూ ఆధారం ఉంది. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఊరూరూ తిరిగి గొంతులను పట్టిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 ఏప్రిల్‌లో మిలాన్ నగరంలోని ఒక హోటల్ గదిలో ఇరవై తొమ్మిదేళ్ల కరూసో చేత పది పాటలు పాడించి, వంద పౌండ్లు ఇచ్చాడు. ఆ రుసుము మితిమీరినదని లండన్ నుంచి వారించినా తాను వెనక్కి తగ్గలేదని ఆయనే రాసుకున్నాడు. అదే మనిషి అదే ఏడాది నవంబరుకు కలకత్తాలో ఉన్నాడు, గాయని గౌహర్ జాన్ ముందు, గొంతును పట్టే అదే రకం గరాటు లాంటి కొమ్మును నిలబెట్టాడు. పాట చివర ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పడం ఈనాటికీ వినబడుతుంది. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో కాబట్టి పాట పట్టిన ఏ మైనం పలక ఎవరిదో అక్కడివారికి తెలియాలి. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారం పెట్టాక గానీ ఆ ప్రయాణం తప్పలేదు. స్థానం వారు బాపట్లలో పుట్టింది కూడా ఆ 1902లోనే.

అన్నిటికంటే నాకు ఇష్టమైన సంగతి ప్లేటు తయారైన పదార్థం. నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటును కలిపి ఉంచేది లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే గూడును గీకి, కరిగించి, వడకట్టి, దానికి రాతిపొడీ దీపపు మసీ కలిపి వేడి మీద అచ్చు ఒత్తేవారు. ఆ లక్కలో అత్యధిక భాగం చోటా నాగపూర్ నుంచి ఒరిస్సా దాకా పరుచుకున్న మన అడవుల నుంచే ప్రపంచానికి వెళ్లింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ సరుకు అందకపోయేసరికి అమెరికాలో 1942లో ప్లేట్ల తయారీకి లక్కను పరిమితం చేసి, పాత ప్లేట్లను జనం దగ్గర నుంచి వెనక్కి పోగు చేశారు. ఇటలీ గాయకుడి గొంతు కూడా మన చెట్ల లక్క మీదనే నిలిచిందన్న ఆలోచన నాకు ఎప్పుడూ ఉత్సాహాన్నిస్తుంది.

పది అంగుళాల ప్లేటులో ఒకవైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. రంగస్థలం మీద ఒక్క పద్యాన్ని రాగాలాపనతో పది నిమిషాలు సాగదీయగల నటుడికి ఇది గట్టి కట్టడి. ఒపెరాలోనూ ఇదే బాధ: పాట మధ్యలో వాద్యాల భాగాన్ని తీసేయడం, నిదానంగా నడవవలసిన చోట పరుగెత్తడం ఆ ప్లేట్లలో మామూలే. దీన్ని లోపంగా ఎంచే రసికులు చాలామంది ఉన్నారు. నేను వారితో పూర్తిగా ఏకీభవించను. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ నాటక పద్యాలను ప్లేటు మీద వింటే, ఆలాపన కుదించబడినందువల్లనే యతి ప్రాసలు చక్కగా చెవిన పడతాయి. పాదం ఎక్కడ విరిగిందో, సమాసం ఎక్కడ ఊపిరి తీసుకుందో తెలుస్తుంది. అదీ కాక, 1925లో విద్యుత్ రికార్డింగు వచ్చేదాకా గాయకుడు నేరుగా కొమ్ములోకి పాడవలసి వచ్చేది. పై స్వరం అందుకునేటప్పుడు వెనక్కి జరగాలి, కింది స్వరానికి ముందుకు వంగాలి. జాగ్రత్తగా వింటే ఆ కదలిక కూడా ప్లేటులో వినబడుతుంది.

సేకరించేవాడి అసలు పని ప్లేటు కొనడంతో మొదలవుతుంది. లేబుల్ మీద 78 అని ఉన్నంత మాత్రాన పాట ఆ వేగంతోనే పట్టారని కాదు. తొలి దశాబ్దాల ప్లేట్లలో 70కి లోపల నుంచి 80 దాటిన వేగాల వరకు ఉన్నాయి. నిమిషానికి 74 చుట్లతో పట్టిన పాటను 78తో తిప్పితే శ్రుతి దాదాపు ఒక మెట్టు పైకి జరుగుతుంది. ఒపెరా విషయంలో స్వరలిపి అచ్చులో ఉంది గనుక పాట ఏ శ్రుతిలో ఉండాలో చూసి వేగాన్ని సరిచేయవచ్చు. అయితే గాయకులు తమ గొంతుకు అనుకూలంగా ఒక మెట్టు దించి పాడడం కూడా ఉంది కాబట్టి, చివరి తీర్పు చెవిదే: వేగం ఎక్కువైతే అ, ఆ వంటి అచ్చుల పలుకు పలచబడుతుంది, కంపనం వణుకుగా మారుతుంది.

మన పద్యానికి అలాంటి అచ్చు లిపి లేదు. కానీ పద్యం వెనక హార్మోనియం ఉంది. నటుడు ఏ శ్రుతిలో పాడినా, నాలుగో, నాలుగున్నరో, ఐదో, హార్మోనియం మెట్ల మధ్య సందులో పాడలేడు. అందువల్ల నేను మా ఇంటి హార్మోనియాన్ని పక్కన పెట్టుకుని, పద్యం ఎత్తుగడకు ముందు వినిపించే ఆధార షడ్జం ఏదో ఒక మెట్టు మీద ఇమిడేదాకా తిరుగుడు వేగాన్ని కొద్దికొద్దిగా మారుస్తాను. పాత హార్మోనియం పెట్టెల శ్రుతి ఒకదానికొకటి కొంచెం తేడాగా ఉండేది నిజమే, అయినా ఈ పద్ధతి రమారమి సరైన చోటికే చేరుస్తుంది. వేగం కుదిరిన క్షణం స్పష్టంగా తెలిసిపోతుంది. అప్పటిదాకా ముక్కుతో పాడినట్టున్న గొంతు ఛాతీలోకి దిగుతుంది. నాటక ప్లేట్లను కీచుగొంతుల పాటలని తీసిపారేసేవారు దయచేసి ఒకసారి సరైన వేగంతో వినాలి.

జనాదరణ పొందిన పాటల ప్లేట్ల దారి వేరు. బ్రిటన్‌లో 1960 నాటికే లక్క ప్లేట్లు ఆగిపోయినా, కరెంటు లేని ఊళ్లలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్లే ఇంకా ఎక్కువ కాబట్టి కలకత్తా డమ్‌డమ్ కర్మాగారంలో ఆ తరవాత కూడా ఒత్తుతూనే ఉన్నారు. అందుకే బీటిల్స్ పాటలు 78 చుట్ల ప్లేట్లుగా మన దేశంలో అచ్చయ్యాయి, ఇప్పుడు వాటి కోసం పై దేశాలవారు పోటీ పడతారు. నాకు ఆ పోటీ మీద ఆసక్తి లేదు. సాలూరి రాజేశ్వరరావు గారి, రావు బాలసరస్వతీదేవి గారి లలితగీతాల ప్లేట్లకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. మైకు దగ్గర గొంతు తగ్గించి, ఒక్కరికే చెప్పినట్టుగా పాడడం తెలుగులో వారి తరంతోనే స్థిరపడింది. రంగస్థలపు గొంతుకు ఎదురుగా ఆ గొంతును పెట్టి వింటే మైకు ఏమి ఇచ్చిందో, ఏమి తీసుకుందో రెండూ అర్థమవుతాయి. ఆ తరవాత వచ్చిన ఎల్పీల (ఎక్కువసేపు పాడే ప్లేట్ల) గురించి ఇక్కడ విస్తరించను. 1953లో మరియా కల్లాస్ పాడిన టోస్కా ఒపెరా, వియన్నాలో 1958 నుంచి 1965 దాకా జార్జ్ షోల్టీ నిర్వహణలో పట్టిన వాగ్నర్ నాలుగు ఒపెరాలు, మరణానికి కొద్ది ముందు ఘంటసాల గారు పాడిన భగవద్గీత ఉంటే నాకు చాలు.

ప్లేట్లు ఉన్నవారికి రెండు మూడు జాగ్రత్తలు చెప్పాలి. లక్క ప్లేటును స్పిరిట్‌తో తుడవకూడదు, లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. మెత్తని గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి, లేబుల్ తగలకుండా తుడిచి, వెంటనే ఆరబెట్టాలి. ఒకదాని మీద ఒకటి దొంతరగా కాక నిలువుగా నిలబెట్టాలి. మా తీరప్రాంతపు తేమకు బూజు త్వరగా పడుతుంది కాబట్టి వానాకాలంలో వారానికోసారి బీరువా తలుపులు తెరిచి ఉంచాలి. ఎల్పీ ముల్లుతో 78 ప్లేటు వేస్తే అది గాడి అడుగుకు జారి రొదనే వినిపిస్తుంది; దాదాపు మూడింతల వెడల్పున్న ముల్లు వేరే దొరుకుతుంది. పాత గ్రామఫోను మీద వేసేవారు ప్రతి పాటకూ ఉక్కు ముల్లు మార్చాలి, ఎందుకంటే ప్లేటులోని రాతిపొడి ముల్లును అరగదీస్తుంది, అరిగిన ముల్లు గాడిని కోస్తుంది.

పాట అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి వలయాన్ని దీపానికి ఏటవాలుగా పట్టి చూస్తే, చేత్తో గీసినట్టున్న సంఖ్యలు కనబడతాయి. ప్లేటుకు అవే జాతకం. లేబుల్ చినిగిపోయినా, పేరు తప్పు పడినా ఆ సంఖ్యను బట్టి ఏ వరుసలో ఏ పూట పట్టిన పాటో పోల్చుకోవచ్చు. నేను నకలు చేసిన ప్రతి పాటతోనూ ఆ సంఖ్యను, తిప్పిన వేగాన్ని, హార్మోనియం శ్రుతిని రాసి ఉంచుతున్నాను. మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు ప్రచురించిన ఏడాది తరవాత అరవై ఏళ్లే కనుక, ఈ ప్లేట్లలో చాలావాటి నకళ్లను పంచుకోవడానికి ఆ హక్కు అడ్డు రాదు. రచయిత హక్కు వేరు కాబట్టి దాన్ని విడిగా చూసుకోవాలి.

పట్టు నేతవారి వీధిలో దొరికిన రాయబారం సెట్టులో మూడో ప్లేటు లేదు. కర్ణుడితో సంవాదం మొదలయ్యే చోట కథ తెగిపోతోంది. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు పాత ఇళ్లలో ఆ సెట్టు ఉండే అవకాశం బాగా ఉంది. ఎవరి ఇంట్లోనైనా ఉంటే, ప్లేటు నాకు ఇచ్చేయనక్కరలేదు. ఒక పూట చేతికి ఇస్తే నకలు చేసుకుని, నకలు ఒకటి మీకూ ఇచ్చి, ప్లేటును అదే కవరులో మీ ఇంటికి తెచ్చి అప్పగిస్తాను.