అప్పగింత కుదరదన్న తర్వాత

రోడ్డు దాటుతున్న మా అన్నయ్యను కారుతో ఢీకొట్టి, ఆగకుండా వెళ్లిపోయిన వ్యక్తి, పోలీసులు అతణ్ని గుర్తించేలోపే తన స్వదేశం చేరుకున్నాడు. అతణ్ని అప్పగించమని పంపిన అభ్యర్థనకు, తమ పౌరుణ్ని పరదేశానికి అప్పగించడానికి తమ రాజ్యాంగం ఒప్పుకోదని ఒకే పేజీలో జవాబు వచ్చింది. ఆ కాగితంతో కేసు ముగిసిపోయిందనే ఇంట్లో అందరం అనుకున్నాం.

అది పొరపాటని తెలియడానికి ఐదు నెలలు పట్టింది. బ్రిటన్, అమెరికా సొంత పౌరులనైనా అప్పగిస్తాయి గానీ, రష్యా, బ్రెజిల్, జర్మనీల రాజ్యాంగాలలోనే దీనిపై నిషేధం ఉంది. జర్మనీ మాత్రం 2000లో సవరణ చేసి, ఐరోపా సమాఖ్య దేశాలకూ అంతర్జాతీయ న్యాయస్థానాలకూ అప్పగించే వీలు కల్పించుకుంది. అప్పగించని దేశాలు సాధారణంగా, తమవాళ్లు బయట చేసిన నేరాన్ని తమ కోర్టులోనే విచారించే అధికారాన్ని ఉంచుకుంటాయి. మా కేసుకు వర్తించిన 1957 నాటి ఐరోపా అప్పగింత ఒప్పందంలోని 6వ అధికరణం ప్రకారం, పౌరుణ్ని అప్పగించని దేశం ఆ కేసును తన అధికారుల ముందు పెట్టాలి, అయితే అవతలి దేశం కోరితేనే. ఆ కోరడమే మా విషయంలో జరగలేదు. లాయరు ఆ వాక్యం కింద గీత గీసి చూపించినప్పుడు, ఒక్క ఉత్తరం రాయనందుకు అన్ని రోజులు పోయాయే అని కలిగిన బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఉత్తరం వెళ్లాక, కేసు ఫైలు మొత్తం అనువాదమైంది. కుటుంబ సభ్యులుగా మాకు అందిన ప్రతిని, ఆ రెండు భాషలూ తెలిసిన స్నేహితుడి పక్కన కూర్చుని పంక్తి పంక్తీ సరిచూశాను. అన్నయ్య జీబ్రా గీతల ‘మీద’ ఉన్నాడని సాక్షి చెప్పిన మాట అనువాదంలో గీతల ‘దగ్గర’ అయింది. గీతల మీద నడిచే మనిషికి కారే దారి ఇవ్వాలి. దగ్గర అంటే తప్పు అన్నయ్య మీదికి వస్తుంది. అక్కడ ఒకసారి నిర్దోషి అని తీర్పు వస్తే, అదే నేరానికి మరోచోట మళ్లీ విచారణ జరగడం దాదాపు అసాధ్యమని లాయరు హెచ్చరించారు. ఆ పేజీని దిద్దించి, తిరిగి ధ్రువీకరణ ముద్ర వేయించి పంపాం.

సాక్షి వీడియో ద్వారా అదే మాట చెప్పాడు. నేరం రుజువైన రోజున తీర్పును అమ్మకు ఫోనులో తెలుగు చేసి వినిపించాను. శిక్ష ఎన్నేళ్లని ఆమె అడగలేదు. గీతల మీద నడుస్తున్నాడన్న వాక్యాన్ని మాత్రం మళ్లీ చదవమంది.